మూసీలో కలిసే ప్రతి నాలా దగ్గరా ఒక పేరు రాయండి

కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ), జలమండలి, జీహెచ్‌ఎంసీ, మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్‌లలో నిర్ణయాలు తీసుకునే సార్లకూ మేడమ్‌లకూ,

నమస్తే. నాలుగు ఆఫీసులకూ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. విడివిడిగా రాస్తే ఏమవుతుందో మూసీ కింది ఊళ్లవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నీళ్లు కెమికల్ వాసన వస్తున్నాయంటే పీసీబీకి వెళ్లమంటారు, అక్కడికి పోతే ఇది డ్రైనేజీ నీళ్ల సమస్య, జలమండలిని అడగండి అంటారు, వాళ్లేమో నాలాల్లో చెత్త మున్సిపాలిటీ సంగతి అంటారు, ఒడ్డు గురించి అడిగితే రివర్‌ఫ్రంట్ వాళ్లున్నారు కదా అంటారు, తీరా నీళ్లు మా దగ్గరికి వచ్చేసరికి అది ఇరిగేషన్ శాఖ కాలువ అయిపోతుంది. ఇన్ని ఆఫీసుల మధ్య పంచుకున్నా నది మాత్రం ఒక్కటే కాబట్టి ఈసారి అందరూ ఒకే కాగితం చదవండి.

మా ఊరు వలిగొండ మండలంలో, నదికి దగ్గర్లో. మా ఊరివాళ్లం కొందరం ఒకసారి కత్వ, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట, దగ్గరి నీళ్లు బాటిల్లో పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాం. ఏ ఆఫీసో చెప్పను, చెప్తే మిగతా వాళ్లు హమ్మయ్య అనుకుంటారు. మూత తీయకముందే అక్కడున్నాయన ఫ్యాను పెంచమన్నాడు. శాంపిల్ ఇలా మీరు తెస్తే చెల్లదు, మా స్టాఫే వచ్చి తీసుకోవాలి అన్నాడు. మరి మీ స్టాఫ్ ఎప్పుడొస్తారు సార్ అంటే, మీ మండలం మా పరిధిలోకి రాదు అన్నాడు. ఆ బాటిల్‌ని అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేద్దామని మాలో ఒకాయన అన్నాడు కానీ, పాపం ఊడ్చే మనిషి మీద పడుతుందని వెనక్కి తెచ్చుకున్నాం.

ఇక అసలు సంగతికి వస్తా. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ వైపు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసుకుంటూ పోయారు. రివర్ బెడ్‌లో ఉన్న ఇల్లు, తీసేయాల్సిన ఇల్లు అని దాని అర్థం. నది కడుపులో ఇల్లు ఉండకూడదు అనే మాటకు నేను అడ్డు చెప్పను. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదకు నగరం ఏమైందో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, మొన్న 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లు వచ్చాయి. వరద ప్రమాదం గురించి మాట్లాడుతుంటే సరే. కానీ అప్పుడు టీవీల్లో మాట ఎటు తిరిగిందంటే, మూసీ మురికిగా ఉండటానికి కారణమే ఆ బస్తీ జనం అన్నట్టు తిరిగింది. రేకుల ఇంట్లో ఉండే ఆటో డ్రైవరూ, ఇళ్లల్లో పనిచేసే ఆమె, వాళ్ల పిల్లలూ కలిసి మూసీని నల్లగా చేశారన్నమాట! ఆ ఇళ్ల పక్క నుంచే ఒక నాలా వచ్చి నదిలో పడుతుంది. అందులో ఎక్కడెక్కడి అపార్ట్‌మెంట్ల నీళ్లో, ఏ ఫ్యాక్టరీ నీళ్లో, ఏ ఆసుపత్రి నీళ్లో ఉంటాయి. ఆ నాలా నోటి మీద ఎవరి పేరూ రాయలేదు. ఎర్ర రంగు డబ్బాలో ఇంకాస్త మిగిలే ఉంటుంది కదా సార్.

నేను అడుగుతున్నది ఇంతే. మూసీలో కలిసే ప్రతి నాలా దగ్గర, ప్రతి పైపు దగ్గర ఒక బోర్డు పెట్టండి. ఈ నాలా ఏయే కాలనీల నుంచి, ఏ ఇండస్ట్రియల్ ఏరియా నుంచి వస్తోంది, దీనికి బాధ్యుడైన ఇంజినీరు హోదా ఏమిటి, పీసీబీ నుంచి చూడాల్సిన అధికారి ఎవరు, చివరిసారి నీళ్లు టెస్ట్ చేసింది ఏ తేదీన, ఎంత వచ్చింది. ఇదేమీ కొత్త విద్య కాదు. గల్లీలో సీసీ రోడ్డు వేస్తే నిధులు ఎన్ని లక్షలు, కాంట్రాక్టరు ఎవరు, ఎమ్మెల్యే ఎవరు అని శిలాఫలకం వేస్తారు. కొబ్బరికాయ కొట్టే పనికి ఉన్న పేర్లు, మోరీ నీళ్లు వదిలే పనికి ఎందుకు ఉండవు?

మురుగు లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే లెక్క లేకుండా మాట్లాడితే మీరు మమ్మల్ని ఆవేశపరులు అంటారు. హైదరాబాద్‌లో రోజుకు పుట్టే మురుగు సుమారు 1,950 ఎంఎల్‌డీ అని చెప్తూ వచ్చింది మీరే. అంటే రోజుకు 195 కోట్ల లీటర్లు. 2021లో 31 కొత్త ఎస్టీపీలు (మురుగు శుద్ధి ప్లాంట్లు) మంజూరు చేసినప్పుడు, అప్పటికి ఉన్న 25 ప్లాంట్ల సామర్థ్యం 772 ఎంఎల్‌డీ మాత్రమే అన్నారు. అంటే అంతకుముందు ఏళ్ల తరబడి సగానికి పైగా మురుగు ఏ శుద్ధీ లేకుండా నాలాలు, చెరువుల మీదుగా నదిలోకే పోయిందన్నమాట. మళ్లీ ప్రతి ఇంటి నీళ్ల బిల్లులో సివరేజ్ సెస్ మాత్రం నెలనెలా వసూలు చేశారు! కడిగిస్తామని డబ్బులు తీసుకుని కడగకుండా మా ఊళ్ల మీదికి వదిలిన సంస్థను ఏమనాలి? నేను చూసినంతలో ఇన్నేళ్లూ ఒక్క ఇంజినీరునైనా ఆ విషయం మీద ఎవరూ సంజాయిషీ అడగలేదు.

3,866 కోట్లతో ఆ 31 ప్లాంట్లూ వస్తే ఇంకో 1,259.5 ఎంఎల్‌డీ శుద్ధి అవుతుంది, పాతదీ కొత్తదీ కలిపితే 2,000 దాటుతుంది, నగరం మురుగంతటికీ సరిపోతుంది అన్నారు. కాగితం మీద నిజమే. ఒక్కొక్కటే నడకలోకి వస్తున్నాయి కూడా, సంతోషమే, ఆ మాట ఒప్పుకోకపోతే తప్పు. కానీ ప్లాంటు కట్టడం వేరు, మురుగు ప్లాంటు దాకా రావడం వేరు. పైపు వేయని కాలనీ నీళ్లు నాలాలోకే పోతాయి, వాన పడితే నాలా నీళ్లు ప్లాంటు దగ్గర మళ్లించే గట్టు మీద నుంచి పొర్లి నదిలోకే పోతాయి, కరెంటు ఖర్చు ఎక్కువని మోటార్లు ఆపేస్తే ఇంక చెప్పేదేముంది. కెపాసిటీ ఎంతో మాకు చెప్పొద్దు. నిన్న ఎంత నీళ్లు లోపలికి వచ్చాయి, ఎంత బయటికి పోయాయి, బీఓడీ, అంటే నీళ్లలోని మురికి కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్, ఎంత ఉంది, అది చెప్పండి. స్నానానికి పనికొచ్చే నీళ్లంటే లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు బీఓడీ ఉండాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు 2018లో దేశం మొత్తం మీద 351 నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తించినప్పుడు మన మూసీని మొదటి ప్రాధాన్యంలో పెట్టింది. మొదటి ప్రాధాన్యం అంటే ఏదో గౌరవం కాదు, బీఓడీ 30 దాటిందని.

ఇప్పుడు గోదావరి నీళ్లు తెచ్చి మూసీలో పారిస్తామంటున్నారు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు, అందులో 17.5 తాగడానికి, 2.5 టీఎంసీలు మూసీకి. విని మా ఊళ్లో చాలామంది సంబరపడ్డారు, నేనూ కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నా. రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగును ఏడాదికి గుణిస్తే ఇంచుమించు 25 టీఎంసీలు వస్తుంది. 25 టీఎంసీల మురుగు పుట్టే చోట రెండున్నర టీఎంసీల మంచినీళ్లు పోస్తే ఏమవుతుంది? గండిపేట నుంచి బాపూఘాట్ దాకా కాస్త చూడముచ్చటగా ఉంటుందేమో, అక్కడ ఫొటోలు బాగా వస్తాయి. పై నుంచి వచ్చే నాలాలను ఆపకుండా పోసిన మంచినీళ్లు కూడా మా దగ్గరికి మోరీ నీళ్లుగానే వస్తాయి.

మురుగు ఒక ఎత్తు, కెమికల్ ఒక ఎత్తు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటమే మీలో కొందరికి సౌకర్యంగా ఉన్నట్టుంది, ఎందుకంటే జనం మురుగు అంటే అందరూ నేరస్తులే, అందరూ నేరస్తులైతే ఎవరూ కారు. మా వాళ్లకు రెండింటికీ తేడా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. మామూలు మురుగు వాసన వేరు. కొన్ని రాత్రుళ్లు, ముఖ్యంగా వాన పడిన రాత్రుళ్లు, ముక్కు లోపల మండే వాసన వస్తుంది, పొద్దున కత్వ కింద నురగ నిలబడి ఉంటుంది, గాలికి లేచి దూదిపింజల్లా రోడ్డు మీద పడుతుంది, బండి మీద పోయేవాళ్లు ముఖానికి కర్చీఫ్ కట్టుకుంటారు. వాననే ఎందుకంటే, వాన నీళ్లలో కలిసిపోతే ఎవరిదో దొరకదు.

ఇది ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పాలా? పని తెలిసిన వాళ్లు అందరూ చెప్పేది ఒకటే. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ల నుంచి వచ్చే ఉప్పు ఎక్కువున్న నీళ్లను, సాల్వెంట్ కలిసిన నీళ్లను మరిగించి ఆవిరి చేసి మిగిలిన మడ్డిని దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. దానికి బొగ్గు, కరెంటు, రవాణా, అన్నీ ఖర్చే. అదే నీళ్లు ఒక ట్యాంకరుకు ఎక్కించి అర్ధరాత్రి దాటాక ఏ నాలా పక్కనో, ఏ మ్యాన్‌హోల్ మూత పక్కనో ఆపి పైపు లోపలికి దించితే డీజిల్ ఖర్చూ, డ్రైవరు బత్తా. ఎప్పుడైనా దొరికితే ఆ డ్రైవరు దొరుకుతాడు. పేపర్లో ట్యాంకరు ఫొటో, డ్రైవరు అరెస్టు అని వస్తుంది. ట్యాంకరులో సరుకు ఎవరిది అన్నది ఆ వార్తలో నాలుగో పేరాలో "విచారణ జరుపుతున్నారు" అనే మాటతో ఆగిపోతుంది, ఐదో పేరా ఎప్పుడూ రాదు.

ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం బండితోపాటు మ్యానిఫెస్ట్ కాగితం ఉండాలి, పంపినవాడి పేరు, తీసుకునేవాడి పేరు, ఎంత సరుకు అన్నీ అందులో ఉండాలి. పెద్ద ఫ్యాక్టరీలకు ఆన్‌లైన్ మీటర్లు పెట్టించారు. ఫ్యాక్టరీ ఎంత ముడిసరుకు కొన్నది, ఎంత మందు తయారు చేసింది, దానికి ఎంత వ్యర్థం రావాలి, ఎంత దుండిగల్‌కు చేరింది అనేది ఆఫీసులో కూర్చుని లెక్క తేల్చవచ్చు. తేడా వచ్చిన సరుకు గాలిలోకి పోదు. రాత్రి పూట నాలాల వెంట గస్తీ తిరుగుతున్నామని చెప్పే బదులు పగటి పూట ఆ రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి సార్, దోమలు కూడా కుట్టవు.

పటాన్‌చెరు సంగతి అయితే వేరే కథ. అక్కడ నక్కవాగు పాడైపోయి, మంజీరలోకి విషం పోతోందని ఊళ్లకు ఊళ్లు కోర్టులకెక్కాయి. డాక్టర్ కిషన్‌రావు గారు ఆసుపత్రి నడుపుకుంటూనే దశాబ్దాల పాటు ఆ పోరాటం చేశారు. అప్పుడు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరపు పెద్ద మురుగు లైనులో కలిపి అంబర్‌పేట ఎస్టీపీకి పంపడం. మంజీర మీదుగా గోదావరి వైపు పోయేదాన్ని మూసీ మీదుగా కృష్ణ వైపు తిప్పారు. ఆ ఊళ్లకు కాస్త ఊపిరి వచ్చి ఉంటే మంచిదే, వాళ్లతో మాకు తగాదా లేదు. కానీ ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు అంబర్‌పేట కింద కూడా మనుషులున్నారని ఎవరికైనా గుర్తొచ్చిందా? 339 ఎంఎల్‌డీ అంబర్‌పేట ప్లాంటు మనుషుల మురుగు కోసం కట్టింది. అందులో పని చేసేవి బ్యాక్టీరియా. బ్యాక్టీరియాను చంపడానికి తయారు చేసిన మందుల వ్యర్థాన్ని ఆ బ్యాక్టీరియా చేతే శుభ్రం చేయించాలనుకోవడం ఎవరి తెలివో మరి.

అదేదో మేం ఊహించుకుని అంటున్న మాట కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లను పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు అక్కడికి వచ్చేవి. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. ఆ తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో మందుల ఫ్యాక్టరీల నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెప్తూ ముసాయిదా తెచ్చింది, 120కి పైగా మందులకు పరిమితులు పెట్టింది. 2021 ఆగస్టులో అసలు నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. ఎవరు తీయించారో మాకు తెలియకపోయినా ఎవరికి లాభమో తెలుసు. కాబట్టి ఈ లేఖ హైదరాబాద్‌లోని మీ నలుగురికే కాదు, ఢిల్లీలో ఆ ఫైలు మీద సంతకం పెట్టిన వాళ్లకు కూడా. అక్కడికి నా ఉత్తరం చేరదు, మీ ఉత్తరం చేరుతుంది, రాయండి. రాష్ట్రం తన పరిధిలో అంతకంటే కఠినమైన పరిమితి పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపలేదు.

మా వైపు ఏం జరుగుతోందో రెండు మాటలు. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం నుంచి మొదలుపెడితే నది వెంట పేరాగడ్డి మళ్లు కనిపిస్తాయి. వరి పండనిచోట గడ్డి వేసుకున్నారు, గడ్డి మాత్రం ఏ నీళ్లకైనా పెరుగుతుంది. మోపులు కట్టి బర్రెల కొట్టాలకు పంపుతారు, ఆ పాలు మళ్లీ నగరానికే వస్తాయి. పాలకూర, కొత్తిమీర కూడా అంతే. మీరు పొద్దున్నే తాగే చాయ్‌లో మూసీ ఎంతో కొంత ఉండే ఉంటుంది, భయపెట్టడానికి అనడం లేదు, నదిని ఊరవతలికి తోసేశామనుకునే వాళ్లకు దారి చెప్తున్నానంతే. ఇంకా కిందికి వస్తే పిలాయిపల్లి కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, వీటి కింద వరి. నాటుకు దిగే ముందు ఆడవాళ్లు మోకాళ్ల దాకా నూనె రాసుకుంటారు. రాసుకోకపోతే సాయంత్రానికి గీరుకోలేక చస్తారు. బయటి ఊళ్ల కూలీలు మూసీ పొలమా అని అడిగి మరీ వస్తారు, వచ్చినా కూలి ఎక్కువ అడుగుతారు, అడగడం న్యాయమే. వడ్లు మిల్లుకు తీసుకుపోతే అక్కడా అదే ప్రశ్న, మూసీ వడ్లా అని, ఆ ప్రశ్నతోనే క్వింటాలుకు రేటు దిగుతుంది. నది ఒడ్డు తాళ్ల నుంచి తీసిన కల్లు అంటే తాగేవాళ్లు తగ్గిపోయారు, గీత కార్మికులు పక్క ఊరి తాళ్లు కౌలుకు తీసుకుంటున్నారు. చేపల సంగతి మా నాన్నను అడగాలి, నేను చూడలేదు.

ఇంత చెప్పాక మీరు అనొచ్చు, అయితే ఆ నీళ్లు ఆపేస్తాం, మీరు సుఖంగా ఉండండి అని. ఆ పని మాత్రం చేయొద్దు! ఇది నగరంలో ఉన్నవాళ్లకు వెంటనే అర్థం కాదు. మాది ఉమ్మడి నల్లగొండ జిల్లా, భూమిలో నీళ్లలో ఫ్లోరైడ్, వానలు అంతంత మాత్రం. ఇంత గలీజు నీళ్లైనా ఏడాది పొడవునా పారేవి ఇవే, రెండు పంటలు పండేది వీటి వల్లే. శుద్ధి చేసిన నీళ్లను ఫ్యాక్టరీలకు, కన్‌స్ట్రక్షన్‌కు అమ్ముతామని అప్పుడప్పుడు మాటలు వినిపిస్తాయి. అంటే మురికిగా ఉన్నన్నాళ్లూ మాకు, శుభ్రమయ్యాక వేరేవాళ్లకా? మురుగు తిన్నది మేం కాబట్టి శుభ్రమైన నీళ్ల మీద మొదటి హక్కు మాదే. కత్వల దగ్గర నీళ్లు ఆగి, మడ్డి కిందికి దిగి, కిందికి పోయేకొద్దీ మురుగు కాస్త తేరుకుంటుందని శాస్త్రవేత్తలు కూడా చెప్పారు, మా పెద్దలూ చెప్తారు. తేరుకోనిది కెమికలూ ఉప్పూ. అందుకే ముందు ఆ ట్యాంకర్ల మీద పడండి అంటున్నా.

ముఖ్యమంత్రి గారు 2024 నవంబరు 8న, తన పుట్టినరోజు నాడు, మా వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట నడిచారు. మా వాళ్ల మాటలు విన్నారు. నడవడం మంచిదే. ఆ రోజు ఆయన వెంట వచ్చిన అధికారులు తెల్ల చొక్కాల మీద నురగ పడకుండా జాగ్రత్తగా నిలబడటం కూడా చూశాం.

మట్టి సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇది అందరికీ కనిపించేదే. పాత ఇల్లు కూలగొట్టిన ఇటుకలు, కాంక్రీటు ముక్కలు టిప్పర్లలో తెచ్చి మూసీలో పోస్తారు. జీడిమెట్లలో, నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో ఆ వ్యర్థాలను పొడి చేసే ప్లాంట్లు ఉన్నాయి, అయినా నదిలోనే పోస్తారు, ఎందుకంటే నదికి ఫీజు లేదు. మొదట మట్టి పడుతుంది, తర్వాత దాన్ని చదును చేస్తారు, తర్వాత పార్కింగ్ అంటారు, తర్వాత షెడ్డు, తర్వాత కరెంటు మీటరు, తర్వాత ఇంటి నంబరు. చివరికి ఎవరో అమాయకుడు లక్షలు పోసి కొనుక్కుని అందులోకి దిగాక మీరు ఎర్ర రంగుతో వస్తారు. మట్టి పోసినవాడు, ప్లాటు చేసి అమ్మినవాడు, మీటరు ఇచ్చినవాడు, ఇంటి నంబరు వేసినవాడు అప్పటికి ఎక్కడో ఉంటారు. వాళ్ల ఇళ్ల మీద ఏ గుర్తూ ఉండదు.

బ్రిడ్జిల మీద నుంచి పూజ పూలు, కవర్లు విసిరే జనం తప్పు లేదా అంటారు. ఉంది, ఎవరు కాదన్నారు. బ్రిడ్జిలకు జాలీలు కట్టినా పైకెత్తి మరీ విసిరేవాళ్లను చూశా, ఒళ్లు మండింది, ఫైన్ వేయండి. కానీ దండల కవరునూ రాత్రి ట్యాంకరునూ ఒకే తాటికి కట్టి "ప్రజల్లో అవగాహన రావాలి" అని ఫ్లెక్సీ పెట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. అవగాహన మాకు కావాల్సిన దానికంటే ఎక్కువే వచ్చింది, వాసనతో సహా.

చట్టం సంగతి. 1974 నీటి కాలుష్య చట్టం 24వ సెక్షన్ ప్రకారం తెలిసి విషపదార్థాలను నదిలో కలిపినా తప్పే, కలుస్తుంటే చూస్తూ ఊరుకోవడమూ తప్పే. దీనికి ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది. 48వ సెక్షన్ ఏమంటుందంటే, ప్రభుత్వ శాఖే ఆ తప్పు చేస్తే ఆ శాఖాధిపతిని దోషిగా భావించాలి, తనకు తెలియకుండా జరిగిందని ఆయనే నిరూపించుకోవాలి. ఇది యాభై ఏళ్ల నాటి చట్టం సార్. శుద్ధి చేయని మురుగు నదిలోకి వదిలిన ఎంతమంది శాఖాధిపతుల మీద ఈ సెక్షన్ పెట్టారో ఆ జాబితా బయటపెట్టండి, ఒక పేజీలో సరిపోతుందని నా అనుమానం. 2024లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించి చాలా నేరాలకు జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా చాలంది, శాఖాధిపతికైతే ఒక నెల బేసిక్ జీతం. ముందుగా హిమాచల్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు, మిగతా రాష్ట్రాలు అసెంబ్లీలో తీర్మానం చేస్తే వాటికీ వర్తిస్తుంది. ఒక్క రాత్రి ట్యాంకర్లు తిప్పి మిగుల్చుకునే డబ్బు ముందు 15 లక్షలు ఒక లెక్కా? అది జరిమానా కాదు, టోల్ గేటు.

ఇంకో మాట. 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్త, మురుగు నిర్వహణలో విఫలమైనందుకు మన రాష్ట్రానికి దాదాపు 3,800 కోట్ల రూపాయల పరిహారం వేసింది. చదవగానే బాగుంది అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు ఎవరిది? ఖజానాది, అంటే నాదీ, మూసీ పొలంలో నాటు వేసిన ఆమెదీ. నష్టపోయిందీ మేమే, పరిహారం కట్టేదీ మేమే అయితే కాలుష్యం చేసినవాడే కట్టాలన్న సూత్రం ఎక్కడికి పోయింది? సుప్రీంకోర్టు 1996 నుంచీ ఆ సూత్రం చెప్తూనే ఉంది. ప్రభుత్వాల మీద పడే ఫైన్లకు నేను పెద్దగా విలువ ఇవ్వను. ఒక అధికారి జీతంలోంచి వెయ్యి రూపాయలు కోసినా దానికి ఉండే పవర్ వేరు, ఆ ఆఫీసులో మర్నాడే ఫైళ్లు కదులుతాయి.

పీసీబీ వాళ్లకు ప్రత్యేకంగా ఒకటి గుర్తు చేయాలి. మీ బోర్డుకు ఎప్పుడూ వెన్నెముక లేదని నేను అనను. 1996 మార్చి 8న 111 జీవో వచ్చి గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల దాకా, 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలు వద్దన్నాక, ఒక నూనెల కంపెనీకి అప్పటి ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. అనుమతి ఇవ్వమని మీ బోర్డు మొండికేసింది, అప్పీలులో ఓడినా, హైకోర్టులో ఓడినా సుప్రీంకోర్టు దాకా పోయింది, 2000 డిసెంబరులో గెలిచింది. తాగే నీళ్ల విషయంలో అలాంటి మినహాయింపులు చెల్లవని కోర్టు చెప్పింది. దేశమంతా లా కాలేజీల్లో ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. అదే 111 జీవో ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఎత్తేస్తే మాత్రం బోర్డు నుంచి మాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఆనాటి ఆఫీసర్లకున్న కుర్చీలే మీకూ ఉన్నాయి, చట్టం కూడా అదే.

నా దృష్టిలో బాధ్యత వరస ఇది. అనుమతి ఇచ్చి తర్వాత వెళ్లి చూడనివాళ్లది మొదటి తప్పు. కడుగుతామని డబ్బు తీసుకుని కడగకుండా వదిలినవాళ్లది రెండోది. సరుకు ఎక్కించి పంపిన ఫ్యాక్టరీ యజమానిది ఈ రెండింటికీ తక్కువేమీ కాదు, కాకపోతే కాపలా ఉన్నవాడు కళ్లు తెరిస్తే వాడు ఆ పని చేయడు, అందుకే వెనక చెప్పాను. ట్యాంకరు డ్రైవరు చాలా కింద. బస్తీలో ఉండే ఆమె ఈ వరసలోనే లేదు. దీనితో మీకు పేచీ ఉంటే రాయండి, వాదించుకుందాం.

ఇంకో సంగతి, కృష్ణా వైపు వాళ్లు ఈ లేఖ చూస్తే ఇది హైదరాబాద్ గొడవ అనుకోవద్దు. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నీళ్లు మా కత్వలు దాటి, సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు నిండి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. అక్కడి నుంచి పులిచింతల, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజి. ఇది రెండు రాష్ట్రాల నీళ్ల పంచాయితీల్లో ఎన్నడూ చర్చకు రాని వాటా.

జవాబు ఇవ్వాలనిపిస్తే "పరిశీలిస్తున్నాం" అని రాయకండి, అలాంటివి మా దగ్గర బోలెడున్నాయి. నాలాల జాబితా పంపండి, ఒక్కోదాని పక్కన అధికారి హోదాతో. ముందు అంబర్‌పేట నుంచి ప్రతాపసింగారం దాకా చాలు, మిగతాది తర్వాత చూసుకుందాం. అది వస్తే మా పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తాం. రాకపోతే నీటి చట్టం 49వ సెక్షన్‌లో మామూలు మనిషి కూడా 60 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకు పోవచ్చని ఉంది, నోటీసు నమూనా మా ఊరి వకీలు దగ్గర తయారవుతోంది. ఎవరి పేరు మీద ఇవ్వాలి అన్నచోట ఖాళీ వదిలాం.

ఇట్లు,
మూసీ కింది రైతు కొడుకు,
వలిగొండ మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా